బోదకాలు మాత్ర, వేపమండలు

ఊళ్లో బోదకాలు రాకుండా మాత్రలు పంచుతుంటే ఆశా కార్యకర్త ఎదుటే మింగాను. పొద్దుగూకేసరికి జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు. అమ్మవారు పోసిందని మా ఆవిడ గుమ్మానికి వేపమండలు కట్టి, నన్ను మంచం దిగనివ్వలేదు. మా నాన్నది బోదకాలు. నాకూ వస్తుందన్న భయం ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు మాత్రే చంపేట్టుందనుకున్నాను.

తెల్లారి ఆశా కార్యకర్త వచ్చి చూసి నవ్వింది.

"అమ్మవారు కాదు వదినా. మాత్రకి అన్న ఒంట్లో పురుగులు చస్తన్నయ్. చచ్చినవాటి మీద ఒళ్లు తిరగబడతంది. రెండ్రోజుల్లో తగ్గిద్ది."

"మరి నా కాలు?" అన్నాను.

"వాయకముందే దొరికినయ్‌గా అన్నా, మంచిదే."

ప్రాణం లేచొచ్చింది. "ఏమే, నీ వంటకి చావని పురుగులు మాత్రకి చచ్చినయ్ చూడు" అన్నాను.

మా ఆవిడ గుమ్మానికున్న వేపమండ పీకి వీపు మీద ఒక్కటిచ్చింది. దద్దుర్లకి చల్లగా తగిలింది.