తాడు ఒరిసిన దూలం

ఈ మాట ఎత్తిన ప్రతిసారీ మా అన్నయ్య కంచం ముందునుంచి లేచిపోయాడు. ఇంట్లో మిగతావాళ్లు నన్నే తప్పు పట్టారు. ఇన్నేళ్లూ ఎవరూ వినలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

బుడమేరు పొంగి తగ్గాక, గన్నవరం దగ్గర మా ఇంటి వెనక ఆయిల్ ఇంజన్లు బాగుచేసుకోవడానికి షెడ్డు వేశాం. కర్ర కొనలేదు. వరద మోసుకొచ్చి వంతెన కింద పోసిన చెత్తలోంచి సరుగుడు వాసాలు, ఒక తాటి దూలం అన్నయ్యే లాగి, తోపుడు బండి మీద తెచ్చాడు. నేనూ వస్తానంటే, "నువ్వొస్తే పనికంటే గొణుగుడెక్కువరా" అన్నాడు, నలుగురిలో. అదీ మర్చిపోలేదు.

బురద కడుగుతుంటే దూలం నడుమ పక్కపక్కనే రెండు గాట్లు కనిపించాయి. తాళ్ల ఒరిపిడికి నున్నబడ్డ గాట్లు. ఒకదాంట్లో చీర పేలిక ఇంకా చిక్కుకుని ఉంది.

"అన్నయ్యా, ఇది ఉయ్యాల కట్టిన దూలం. ఎవరింటిదో."

"కర్రక్కూడా ఇంటిపేరు అడుగుతావేంట్రా? ఆ కొస పట్టుకో."

"ఆ ఇంట్లోవాళ్లు ఏమయ్యారో..."

"పట్టుకోమన్నానా."

మర్నాడు చూస్తే గాట్లు లేవు. అన్నయ్య బాడిసతో చెక్కేశాడు. మిగతా కర్రలకు బురదైనా సరిగా వదల్లేదు, ఆ ఒక్కచోటే కొత్తగా మెరుస్తోంది. ఏమీ ఎరగనివాడు ఎందుకు చెక్కుతాడు?

మరుసటేడు మాకు పాప పుట్టింది. ఇంట్లో ఉక్కగా ఉందని మా ఆవిడ షెడ్డులో ఉయ్యాల కట్టమంది. వద్దన్నాను. "మీ భయాలు మీ దగ్గరుంచుకోండి, పిల్లకి గాలి కావాలి" అంది. కట్టింది అన్నయ్యే. దూలం నడుమైతే ఉయ్యాల హాయిగా ఊగుతుంది. ఆ చెక్కిన చోటు వదిలేసి, ఊగితే గోడకు తగిలేంత చివరికి కట్టాడు. "నడిమికి జరపండి బావగారూ" అని మా ఆవిడ అంటే విననట్టు వెళ్లిపోయాడు. తాడు ముడేస్తున్నంతసేపూ ఆ చెక్కిన చోటువైపు ఒక్కసారైనా చూడలేదు. కర్రకు ఇంటిపేరేంటన్న మనిషి.

ఆ తర్వాత వాన చినుకు పడితే చాలు, చేతిలో పని వదిలేసి ఉయ్యాలలో చెయ్యి పెట్టి పాప ఊపిరి చూసుకునేవాణ్ణి. పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. వానకు దూలం కిర్రుమంటే ఇప్పటికీ లేచి వెళ్లి పాప ఊపిరి చూసుకుంటాను.

అన్నయ్యా, వంతెన కింద ఆ దూలంతోపాటు నీకింకేం కనిపించింది? ఈసారి కంచం ముందునుంచి లేవకుండా చెప్పు.