ఏడున్నర సీరియల్ చిన్నకోడలి తల్లి

మదనపల్లె టమాటా మార్కెట్టు యార్డులో సిద్దమ్మ ఇరవై రెండేళ్లుగా కాయలు ఏరుతోంది. రైతులు క్రేట్లలో తెచ్చిన సరుకును పట్ట మీద కుమ్మరిస్తారు. రాశికి అటొకరు ఇటొకరు ఆడవాళ్లు జతగా కూర్చుని పచ్చివి ఒక పక్క, దోరవి ఒక పక్క, పండినవి ఒక పక్క వేసి, మచ్చ పడ్డవాటినీ పగిలినవాటినీ వెనక్కి విసిరేస్తారు. దోరకాయ దూరపు ఊళ్లకు లారీ ఎక్కుతుంది. అందులో పండు ఒక్కటి కలిసినా దారిలో చితికి చుట్టూ ఉన్నవాటిని కూడా చెడగొడుతుంది. కాబట్టి ఈ పనిలో జత కుదరడం ముఖ్యం. సిద్దమ్మకు తొమ్మిదేళ్లుగా నాగవేణి జత.

చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఖాళీగా ఉండేది నోరే. ఆ నోటికి పొద్దున ఆరింటి నుంచి మేత ఏమిటంటే ముందురోజు సాయంత్రం టీవీలో వచ్చిన సీరియల్, లేదా ఆదివారం చూసొచ్చిన సినిమా. కరెంటు పోయో చుట్టాలొచ్చో ఎవరైనా చూడలేకపోతే, వాళ్ల జత కథంతా పూసగుచ్చినట్టు చెప్పాలి. అది అక్కడి ఆనవాయితీ. కథ అయ్యాక తీర్పులు. తీర్పు చెప్పని ఆడది ఆ యార్డులో లేదు, మెచ్చుకునే ఆడది అసలే లేదు.

తిట్టడంలో అందరికన్నా పెద్ద నోరు సిద్దమ్మదే. ఆమె పుట్టిల్లు కుప్పం దగ్గర పల్లె. అక్కడ చిన్నప్పుడు టెంటు హాల్లో తెలుగు, అరవం, కన్నడం మూడూ చూసి పెరిగింది కనుక సినిమా గురించి తనకు తెలియనిది లేదని ఆమె నమ్మకం. పోయినేడు ఒక సినిమాలో హీరోయిన్ రైతుబిడ్డగా వచ్చి, పొడుగు గోళ్లతో టమాటా తోటలో పచ్చికాయలన్నీ దూసి బుట్టలో పోసుకుంటుంటే, సిద్దమ్మ హాల్లో లేచి నిలబడి ఆ పిల్లను నానా మాటలూ అంది. వెనకవాళ్లు కూర్చోమంటే వాళ్లనూ అంది. టీవీలో గయ్యాళి అత్త వేషం వేసినావిడ ఎవరైనా సిద్దమ్మ నోట్లో పడితే బతికి బట్టకట్టేది కాదు. అంతమంది మీద దుమ్మెత్తిపోసిన మనిషి, తనకూ ఒకరోజు వస్తుందని ఎప్పుడనుకుంటుంది?

వచ్చింది. కూతురు సౌమ్య రూపంలో వచ్చింది.

సౌమ్య పుంగనూరులో మేనత్త ఇంట, అంటే తండ్రి గంగప్ప చెల్లెలింట, ఉండి డిగ్రీ చదివింది. కాలేజీ వార్షికోత్సవంలో ముసలి అత్త వేషం వేసి అందరినీ నవ్వించింది. ఆ వీడియో పట్టుకుని హైదరాబాదు పోతానంది. రెండావుల పాలు పిండి పిల్లను చదివించిన గంగప్ప సరేనన్నాడు, సిద్దమ్మ మూడు రోజులు అన్నం మాని తర్వాత సరేనంది. రెండేళ్లు సౌమ్య నర్సుగా తలుపు తీసింది, పక్కింటామెగా కాఫీ అందుకుంది. పెళ్లి సీన్లలో వెనక వరుసలో నిలబడింది. ఆ తర్వాత సాయంత్రం ఏడున్నరకు వచ్చే సీరియల్లో చిన్నకోడలి వేషం దొరికింది. మొదటిరోజు సిద్దమ్మ యార్డంతా లడ్లు పంచింది. నాగవేణి రెండు తీసుకుంది.

మూడోవారంలో చిన్నకోడలు పెద్దకోడలి మందు సీసా మార్చేసింది. ఐదోవారంలో ఆస్తి పత్రాలు కాజేసింది. ఏడోవారంలో అత్తను మెట్ల మీంచి తోసింది. చూస్తుండగానే ఊరు ఊరంతా సౌమ్యకు శాపనార్థాలు పెట్టడం మొదలుపెట్టింది. దాని చేతులు పడిపోను అని ఒకరు, దాని కొంప కూల అని ఒకరు. కొళాయి దగ్గర సిద్దమ్మ బిందె పెడితే పక్కామె తన బిందె దూరంగా జరుపుకుంది. మొదట్లో సిద్దమ్మ నవ్వి, అది నాటకం కదమ్మా అనేది. ఆ మాటకు అందరూ తెలుసులే అనేవారు. అని, మళ్లీ తిట్టేవారు.

అత్త మెట్ల మీంచి పడిన మర్నాడు రాశి దగ్గర నాగవేణి చెయ్యి ఆపకుండానే అంది.

"ఎంత నాటకమైనా, కండ్లలో ఆ ఇసం యాడినుంచి వస్తాది సిద్దక్కా? నేర్పితే వచ్చేది కాదది. పెంపకం అట్లా ఉండాది."

సిద్దమ్మ చేతిలో మిగలపండిన కాయ ఉంది. అది పండ్ల వైపు పోలేదు. సూటిగా నాగవేణి చెంప మీద పగిలింది. రసం మెడ మీదుగా రవికెలోకి కారింది. ఇరవై రెండేళ్లలో సిద్దమ్మ ఒక కాయను చోటుగాని చోట వేయడం అదే మొదలు. నాగవేణి లేచి జుట్టు పట్టుకుంది, సిద్దమ్మ ఆమె చీర చెంగు పట్టుకుంది. మండీ గుమాస్తా జయచంద్ర వచ్చి ఇద్దరినీ విడదీసి, రేపట్నుంచి మీరిద్దరూ ఒక రాశి దగ్గర కూర్చుంటే ఇద్దరూ ఇంటికేనని చెప్పాడు. తొమ్మిదేళ్ల జత అలా విడిపోయింది.

నాగవేణికి దీప అనే కొత్త పిల్ల జత అయింది. సిద్దమ్మకు ఇందిరమ్మ అనే ముసలావిడను కట్టబెట్టారు. ఇందిరమ్మ ఇంట్లో సాయంత్రాలు మనవళ్లు క్రికెట్ తప్ప ఇంకోటి పెట్టనివ్వరు. కాబట్టి ఆమెకు రోజూ కథ చెప్పాల్సిన బాధ్యత జతది. సిద్దమ్మ చెప్పలేదు. మూతి ముడుచుకుని కాయలు ఏరింది. వెనక రాశి దగ్గర నాగవేణి మాత్రం, ముసలామెకూ సిద్దమ్మకూ వినిపించేలా, చిన్నకోడలి ఆగడాలు ఒక్కటీ వదలకుండా చెప్పేది. చెప్పినంతసేపూ సిద్దమ్మ వీపు మండిపోయేది.

ఉగాది ముందు సౌమ్య రెండురోజులు సెలవు మీద వచ్చింది. తల్లీకూతుళ్లు బజారుకు పోతే, పూలమ్మే ఆమె సౌమ్యను గుర్తుపట్టి, నీలాంటిదానికి నేను పూలమ్మను పో అంది. సిద్దమ్మ గంపను తన్నబోయింది. సౌమ్య తల్లిని వెనక్కి లాగి, ఆ పూలామె పక్కన కూర్చుని ఇంకా రెండు తిట్టమని అడిగి ఫోటో తీయించుకుంది. ఇంటికొచ్చాక సిద్దమ్మ కూతురి మీద విరుచుకుపడింది. మానం మర్యాద లేదా, మంచి వేషం ఇమ్మని అడగలేవా అంది.

"మంచి కోడలి వేషం వేసినామె పేరు చెప్పు సూద్దాం," అంది సౌమ్య.

సిద్దమ్మకు గుర్తు రాలేదు. రోజూ చూస్తుంది, ఆ పిల్ల కోసం రోజూ కన్నీళ్లు పెట్టుకుంటుంది, పేరు మాత్రం తెలీదు.

"తిట్టినారంటే నేను పని బాగా చేస్తాండానని. తిట్టేది ఆపినారనుకో, ఆ రోజే నన్ను ఇంటికి పంపిస్తారు. నువ్వు యాల బాధపడతావు మా?"

ఆ మాట సిద్దమ్మ మనసులో గట్టిగా నాటుకుంది. మర్నాడు యార్డులో నాగవేణి గొంతు లేవగానే మొదటిసారి ఆమె వీపు మండలేదు. తన కూతురి పనికి కూలి ముడుతున్నట్టు అనిపించింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ నెలన్నరగా మింగిన కోపం ఊరుకోనిస్తుందా? సిద్దమ్మ వెనక్కి తిరిగి, పదిమందీ వినేటట్టు, నాగవేణితో నెలన్నర తర్వాత మాట్లాడింది.

"తిట్టమ్మే, బాగా తిట్టు. మీరు తిట్టేకొద్దీ నా బిడ్డకు పని ఉంటాది. మీరు నోరు మూసుకున్న రోజే దానికి నష్టం."

శత్రువు చేతికి కత్తి తానే ఇచ్చానని ఆ పిచ్చితల్లికి అప్పుడు తట్టలేదు. నాగవేణి కాయలు ఏరుతూనే దీపతో మామూలు గొంతుతో, ఏడున్నరకు ఇంకో ఛానెల్లో కొత్త సీరియల్ మొదలైందట, ఈ పొద్దు అది చూద్దాం అంది.

నాగవేణి మాట యార్డులో చెల్లుతుంది. వారం తిరక్కుండా రాశులన్నిటి దగ్గరా కొత్త సీరియల్ కథే. అందులో ఇద్దరు అన్నదమ్ములు, ఒక బావి తగాదా, చెరసాలలో పుట్టిన బిడ్డ. ఎవరు మంచి, ఎవరు చెడు అని పెద్ద పెద్ద వాదనలు. సిద్దమ్మ చెవులు రిక్కించి కూర్చునేది. ఒక్క తిట్టు, చిన్నకోడలి మీద ఒక్క చిన్న తిట్టు పడుతుందేమోనని. ఎవరూ ఆ పేరెత్తలేదు. కొళాయి దగ్గర పక్కామె బిందె దగ్గరకు జరిపింది. పలకరించింది కూడా. సిద్దమ్మకు ఆ పలకరింపు నచ్చలేదు.

ఒక గురువారం సాయంత్రం సౌమ్య ఫోన్ చేసింది. ఎంతమంది చూశారో లెక్క గురువారాలే వస్తుందట. మూడువారాలుగా దిగిపోతోందట. చిన్నకోడల్ని పోలీసులకు పట్టించి ఆ వేషం ముగించేద్దామని అనుకుంటున్నారట, ఈ నెల చూసి చెబుతారట. నవ్వుతూనే చెప్పింది గానీ, సిద్దమ్మ కన్నతల్లి, ఆ నవ్వు కింద ఏముందో తెలియదా. మళ్లీ తలుపు తీసే నర్సు వేషాలు. మళ్లీ వెనక వరుస.

"మా మార్కెట్లో ఎవురూ సూడటం లేదు. దాని వల్లనా?" అని సిద్దమ్మ అడిగింది.

సౌమ్య ఈసారి నిజంగా నవ్వింది. కొన్ని ఇళ్లలో మిషన్లు పెట్టి లెక్క తీస్తారని, దానికీ టమాటా మార్కెట్టుకూ సంబంధం లేదని చెప్పింది. గంగప్ప కూడా అదే అన్నాడు. వాళ్లు చెప్పింది నిజమే. ముప్పైమంది కూలి ఆడవాళ్లు ఛానెల్ మారిస్తే హైదరాబాదులో సీరియల్ కూలిపోతుందా? కానీ సిద్దమ్మ ఎవరి మాటా చెవికెక్కించుకోలేదు. ఊరు తిట్టినప్పుడు పిల్ల పని నిలిచింది, ఊరు ఊరుకోగానే పోతోంది. ఊరు ఊరుకునేటట్టు చేసింది తన నోరు. ఆమె లెక్క ఆమెది.

మర్నాడు యార్డుకు వచ్చేసరికి ఆమె కళ్లు వాచి ఉన్నాయి. పట్ట మీద గుర్రంకొండ సరుకు పోశారు. ఇందిరమ్మ ఎదురుగా కూర్చుంది. నాగవేణి వెనక రాశి దగ్గర బావి తగాదా ఎక్కడిదాకా వచ్చిందో చెబుతోంది. సిద్దమ్మ నాలుగు కాయలు ఏరింది. ఐదోది చేతిలోకి తీసుకుంది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, గొంతెత్తి మొదలుపెట్టింది.

"దాని జిమ్మడిపోను. నిన్న ఏం చేసిందో తెలుసునా ఇందిరమ్మా ఆ చిన్నకోడలు?"

ఇందిరమ్మ నోరెళ్లబెట్టింది. పక్క రాశి దగ్గర ఇద్దరు తలలెత్తారు. సిద్దమ్మ ఆపలేదు. కడుపుతో ఉన్న పెద్దకోడలి పాలలో ఏం కలిపిందో చెప్పింది. కలిపి ఎలా నవ్విందో చెప్పింది. ఆ నవ్వు కూతురి పసితనం నుంచీ తనకు తెలిసిన నవ్వే, మామిడికాయ దొంగతనం చేసి వచ్చినప్పుడు నవ్వే నవ్వే. అయినా అది పాము కోర లాంటి నవ్వని చెప్పింది. దానికి పుట్టగతులుండవంది. దాని ఇల్లు గుల్లగాను అంది. ఇరవై రెండేళ్లుగా ఇతర తల్లుల బిడ్డల కోసం దాచుకున్న తిట్లన్నీ తీసి తన బిడ్డ మీద పోసింది. కన్నీళ్లు కారుతుంటే ఎడమ మోచేత్తో తుడుచుకుంది. చేతులు మాత్రం దోరకు దోర, పండుకు పండు, ఒక్కటీ తప్పు వేయలేదు.

ఇంతకీ పెద్దకోడలు ఆ పాలు తాగిందా లేదా అని దీప అడిగింది.

నాగవేణి బావి తగాదా ఎప్పుడో ఆగిపోయింది. ఆమె లేచి రెండు రాశుల మధ్యకు వచ్చి నిలబడింది. అందరూ జయచంద్ర ఎక్కడున్నాడా అని చూశారు. నాగవేణికి చెంప మీద పడ్డ పండు మరుపు రాలేదు, పదిమందిలో కారిన రసం మరుపు రాలేదు. సిద్దమ్మ కుడిచేతిలో మిగలపండిన కాయ ఉండడం ఆమె చూసింది. చూసే అంది.

"నేను ఆ పొద్దే చెప్తి. పెంపకం అట్లా ఉండాది."

సిద్దమ్మ వేళ్లు కాయ చుట్టూ బిగుసుకున్నాయి. తొక్క కొంచెం చిట్లింది. ఇందిరమ్మ భయపడి వెనక్కి జరిగింది. సిద్దమ్మ ఆ కాయను చూసి, పగిలినదాన్ని వేసే చోటికి విసిరేసి, నాగవేణి మొహంలోకి తలెత్తి చూసింది.

"అవునమ్మే. నా పెంపకమే," అంది. "తాగిందో లేదో ఈ పొద్దు ఏడున్నరకు సూడు."