సిరిగేరిలో టకీలా

టకీలాలో సోడా కలపడం గోవా బార్లవాళ్లకు నేర్పింది నేనేనని, సిరిగేరి వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న ఎర్రమ్మతో కోతలు కోశాను. ఆమె భర్త గోవా హోటల్లో పనిచేసేవాడు, కిందటేడు చనిపోయాడు. ఊరికొచ్చినప్పుడల్లా ఇంట్లో ఆ డ్రింకు కలిపేవాడట. ఆ రోజు మహాలయ అమావాస్య. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఫొటో ముందు పెడతారు. దాన్ని అక్కడ ఎడె అంటారు.

"సీసా ఉండాది పెద్దప్పా, కలిపేది ఎట్లో తెల్దు. నువ్వొచ్చి కలిపిపో" అని ఇంటికి లాక్కెళ్లింది.

గ్లాసు అంచుకు నిమ్మచెక్క రుద్ది ఉప్పు అద్దాను. టకీలా పోసి, నిమ్మకాయ పిండి, గోలీ సోడా కొట్టాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఎడె పెట్టకముందు రుచి చూడకూడదు. ఏడాదికొకసారి వచ్చే మనిషికి తప్పుడు గ్లాసు పెడితే ఎలా?

"అమ్మా, నేను గోవా మొహం కూడా చూడలేదు. మా మేనల్లుడు ఒకసారి కలుపుతుంటే చూశాను, అంతే."

ఆమె భర్త ఫొటో వైపు చూసి ఫక్కున నవ్వింది. "ఆయప్ప గూడా ఇట్లే కోస్తాండె. ఏం గాదు, పొయ్యప్పా."

సోడా పోస్తే నురగ పొంగింది. గ్లాసు ఫొటో ముందు పెట్టి, చాలాసేపు చేతులు జోడించి నిలబడింది. తర్వాత తీసి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఏమ్మా, బాగా లేదా?"

"ఆయప్ప చక్కెర ఏస్తాండె." మిగిలింది నా చేతికిచ్చింది. "మళ్లేడు వచ్చినప్పుడు మర్చిపోవద్దు."