తిరగబడ్డ ఎనిమిది నెలల నాట్యం

అది 2022. బోనాల సందడి ముగిసి వారమైంది. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు కాస్త ఇవతల, ఒక పాత కాంప్లెక్స్ రెండో అంతస్తులో నా ఎడిటింగ్ రూమ్. కింద చెప్పుల షాపు, పక్కన కళ్లద్దాల షాపు. ఇరవై రెండేళ్లుగా అక్కడే కూర్చుని పెళ్లి వీడియోలు కోసి అతుకుతున్నాను. ఈ పనిని మా వాళ్లు మిక్సింగ్ అంటారు. తాళి కట్టేటప్పుడు తెరంతా పూలు రాలడం, పెళ్లికూతురు ముఖం తామరపువ్వులోంచి పైకి రావడం, ఇవన్నీ నా చేతి పనులే. నవ్వేవాళ్లు నవ్వండి. తామరపువ్వు లేదని సీడీ వాపసు పంపిన ఆడపెళ్లివారిని నేను చూశాను.

కరోనా తర్వాత నా బేరాలు మారాయి. పెళ్లిళ్ల వీడియోలు కుర్రవాళ్ల చేతుల్లోకి పోయాయి, నాకు పాఠాలు మిగిలాయి. లెక్కల మాస్టారు, వంటల పిన్ని, యోగా సారు, అందరూ ఫోన్‌లో తీసుకొచ్చి ఇచ్చేవారు. నేను దగ్గులు, తడబాట్లు కోసేసి, సౌండ్ శుభ్రం చేసి ఇచ్చేవాణ్ణి. వాళ్లు తీసింది తీసినట్టుగా ఉన్న దాన్ని రా ఫుటేజ్ అంటాం. బియ్యంలో రాళ్లు ఏరినట్టు దాన్ని ఏరాలి.

అలా వచ్చినవారిలో శారద టీచర్ ఒకరు. నాంపల్లిలో ముప్పై ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నారు. వాళ్ల నాన్నగారు గుంటూరు వైపు నుంచి సెక్రటేరియట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. టీచర్ నాంపల్లిలోనే పుట్టి పెరిగినా, నోట్లోంచి వచ్చే ప్రతి మాటకీ చివర "అండీ" ఉంటుంది. ఊళ్లలో ఉన్న శిష్యుల కోసం వారానికి రెండు పాఠాలు రికార్డు చేసి నాకు పంపేవారు.

ఆ శిష్యుల్లో అనిత ఒకామె. తాండూరులో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న క్లాసుల టీచరు, ముప్పై ఆరేళ్లు. చిన్నప్పుడు నాట్యం నేర్చుకోవాలని ఎంత ఆశపడ్డా ఆ ఊళ్లో నేర్పేవాళ్లు లేరట. ఇప్పుడు తెల్లవారుజామునే లేచి, ముందు గదిలో మంచం పక్కకి జరిపి, ఫోన్ కిటికీలో పెట్టుకుని ఎనిమిది నెలలు సాధన చేసింది. ప్రతి ఆదివారం తను ఆడిన వీడియో టీచరుకు పంపేది. టీచర్ చూసి బాగుంది అనేవారు. మిగతా శిష్యులు నెలకోసారి టీచర్ ఇంటికి వచ్చి ఎదురుగా దిద్దుకునేవారు, ఈమెకు మాత్రం రావడం కుదరలేదు. ఆ వచ్చే ఆదివారం నాంపల్లిలో టీచర్ శిష్యుల ప్రదర్శన. అనిత స్కూలు హెడ్‌మాస్టారు చూడ్డానికి వస్తానన్నారు. బాగుంటే దసరా నుంచి తమ స్కూల్లో నాట్యం క్లాసు పెట్టి ఆమెకే అప్పగిస్తానని మాటిచ్చారు. ఇదంతా టీచర్ నాకు ఎంతో ముచ్చటగా చెప్పారు.

మంగళవారం మధ్యాహ్నం టీచర్ దగ్గర్నుంచి ఫోన్.

"రవి గారూ, మా తాండూరు అమ్మాయి అంతా ఎడంవైపు చేస్తోందండీ. ఆదివారం దాకా మా ఇంట్లో ఉండటానికి పొద్దున్నే వచ్చింది, రిహార్సల్లో పక్కమ్మాయిని గుద్దేసింది. మీ వీడియో చూసే నేర్చుకున్నానంటోంది. నేను నేర్పింది అది కాదు."

"వీడియోల ఏం తేడా ఉంటది మేడం? మీరు ఆడిందే గద నేను కోసి పెట్టిన. ఆ అమ్మది ఫోన్ ఏదో ఖరాబ్ అయి ఉంటది, జర చూడమనుండ్రి."

ఏ ఫోనూ ఖరాబైనంత మాత్రాన కుడిని ఎడమ చెయ్యదని నాకు తెలుసు. కానీ మా వృత్తిలో మొదటి జవాబు ఎప్పుడూ అదే. తప్పు ముందు కస్టమర్ ఫోన్ మీదికి తోసెయ్యడం.

ఫోన్ పెట్టేశాక మనసు ఊరుకోక, కంప్యూటర్లో ఆమె పాఠం తెరిచాను. టైమ్‌లైన్, అంటే వీడియో ముక్కలన్నీ వరసగా పేర్చి ఉండే చోట, ప్రతి ముక్క మీదా ఒక చిన్న గుర్తు. ఫ్లిప్. బొమ్మను అద్దంలోలాగా కుడి ఎడమలు మార్చే కమాండ్. పాత పాఠాలు కూడా తెరిచాను, అన్నిటి మీదా అదే గుర్తు.

ఏం జరిగిందంటే, అంతకుముందు యోగా సారు ఒకాయన, చూసేవాళ్లకు కుడి ఎడమ తికమక అవుతోంది, తిప్పి ఇవ్వు అన్నాడు. తిప్పి ఇస్తే మెచ్చుకున్నాడు. ఇంకేం, నేను దాన్ని ప్రీసెట్ చేసి పెట్టుకున్నాను. ప్రీసెట్ అంటే ఒక్క నొక్కుతో పది పనులు అయిపోయేలా ముందే కట్టి ఉంచుకున్న మూట. ఎవరు పాఠం తెచ్చినా ఆ మూట విప్పేవాణ్ణి. కస్టమర్ అడక్కముందే చేసిపెట్టడం నా గొప్ప అనుకునేవాణ్ణి. శారద టీచర్‌కి మాత్రం ఆ అవసరమే లేదు. ముప్పై ఏళ్లుగా శిష్యులకు ఎదురుగా నిలబడి నేర్పిన మనిషి, వాళ్లు కుడిచెయ్యి ఎత్తాలంటే తను ఎడమచెయ్యి ఎత్తడం ఆమెకు నిద్రలో కూడా వచ్చు. ఆమె ఒకసారి తిప్పి ఆడారు, నేను ఇంకోసారి తిప్పాను. తాండూరులో అనిత ఎడమచెయ్యి ఎత్తింది.

మరి ఎనిమిది నెలలు టీచర్ ఎందుకు కనిపెట్టలేదు? టీచర్‌కి మెసేజ్ పెట్టి, అనిత పంపిన వీడియో ఒకటి తెప్పించుకున్నాను. చూస్తే అర్థమైంది. ఆమె సెల్ఫీ కెమెరాతో తీసుకుంది. ఆ ఫోన్‌లో సెల్ఫీ వీడియో అద్దంలోలాగే తిరగబడి సేవ్ అవుతుంది. వెనక గోడ మీద క్యాలెండర్ అంకెలు కూడా తిరగబడే ఉన్నాయి. టీచర్ అడుగులు చూశారు కానీ క్యాలెండర్ చూడలేదు. తప్పుగా ఆడిన మనిషి ఆ బొమ్మలో సరిగ్గా కనిపించింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను ఓ పావుగంట నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ ఫ్లిప్ గుర్తు తీసేస్తే ఎవరికీ తెలియదు. ఫోన్ తప్పని టీచర్‌తో అనేశాను కూడా. ఇరవై రెండేళ్ల పేరు. కానీ ఆ వీడియోలో అనిత ముఖం చూస్తూ ఉంటే, మంచం పక్కకి జరిపిన గదిలో ఆమె అంత సంతోషంగా ఆడుతుంటే, నాకు సిగ్గేసింది. టీచర్‌కి ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పేశాను.

 టీచర్ అన్నారు, "అయ్యో, ఆ అమ్మాయి వెళ్లిపోయిందండీ. ఈ వయసులో నాకెందుకు మేడం, నాకు బుర్ర లేదు అని సంచి సర్దుకుని స్టేషన్‌కి వెళ్లింది. నేను కూడా నాలుగు మాటలన్నాను. ఫోన్ ఎత్తట్లేదు."

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు ఆ వేళప్పుడు ఆటో కంటే నడక నయం. పరుగూ నడకా కాకుండా వెళ్లాను. ప్లాట్‌ఫాం టికెట్ మాత్రం తీసుకున్నాను, మా నాన్న రైల్వేలో క్లర్కుగా చేశాడు మరి. అనితను అంతకుముందు చూడకపోయినా ముఖం అప్పుడే వీడియోలో చూసి వచ్చాను కాబట్టి గుర్తుపట్టాను. బల్ల మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, నేను రవిని. టీచరమ్మ వీడియోలు చేసేది నేనే. నీ తప్పేం లేదు. నేనే తిప్పిన."

"ఏంది అన్నా తిప్పింది?" అంది, దొంగను చూసినట్టు చూస్తూ.

ఎట్లా చెప్పాలో తోచక ఫోన్ తీసి ఆమె ఎనిమిది నెలలుగా చూస్తున్న పాఠమే పెట్టాను. "టీచరమ్మ పైట ఏ భుజం మీద ఉన్నది చూడు."

చూసింది. కుడి భుజం మీద ఉంది. తన పైట చూసుకుంది. మళ్లీ ఫోన్ చూసింది.

"ఎవలైనా పైట గట్ల ఏసుకుంటరా అన్నా?"

"ఏసుకోరు. నేనూ ఇన్ని దినాలు చూసిన, కనిపెట్టలే. నీ పాఠం మొత్తం గట్లనే పోయింది."

 తాండూరు వైపు వెళ్లే బండి వచ్చి ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడదామనే వచ్చాను.

"అయితే నాకు బుర్ర లేక కాదు," అంది చివరికి.

"కాదమ్మా."

"పొద్దుగాల నుంచి నా బుర్రను ఎంత తిట్టుకున్ననో తెలుసా అన్నా? ఇంటికి పోయి మా ఆయనకు ఏం చెప్పాల్నో గదే ఫికరు." అని చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుపో నవ్వో నాకు తెలియలేదు. బండి వెళ్లిపోయింది, ఆమె ఎక్కలేదు. నా గుండెల మీంచి ఒక బండరాయి దిగింది.

టీచర్ ఇంటికి వెళ్లేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. అనిత చెయ్యి పట్టుకుని, "నేను చూడకుండా అనేశానమ్మా," అన్నారు. అంతవరకు బాగానే ఉంది. ఆదివారానికి మధ్యలో నాలుగు రోజులే ఉన్నాయి. నాకు ఒక తెలివి తట్టింది.

"మేడం, ఈమెను ఎడంపక్కనే ఆడనియ్యుండ్రి. ఇంకో అమ్మాయిని ఎదురుగా పెడితే జంట లెక్క కనబడతది. ఎవలికీ తెల్వది."

టీచర్ నన్ను ఒక చూపు చూశారు. "దాచడంలో మీకు బాగానే చెయ్యి తిరిగిందండీ. రేపు ఈమె పిల్లలకు నేర్పాలి. యాభై మంది పిల్లలకు తప్పుగా వస్తే, వాళ్లందరికీ ఎదురుగా ఎవర్ని పెట్టి ఆడించమంటారు?"



టీచర్ అనితతో చెప్పింది ఇదీ. నాట్యంలో ప్రతి అడుగూ కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి సాధన చేయించడం మొదటి నుంచీ పద్ధతి. కాబట్టి ఆమె కాళ్లకు రెండువైపులా వచ్చు, మారాల్సింది వరస మాత్రమే. తాళం తప్పలేదు, ముఖంలో భావం తప్పలేదు. కష్టమల్లా మధ్యలో వచ్చే అభినయం దగ్గర. గోపిక కుండను ఎడమ చంకన పెట్టాలి, కృష్ణుడు వేణువును కుడివైపు పట్టాలి. అక్కడ చేతులు అలవాటు మానవు.

మర్నాడు తెల్లారేసరికల్లా నేను పాఠాలన్నిటికీ ఫ్లిప్ తీసేసి మళ్లీ రెండర్ చేశాను, అంటే మార్పులన్నీ కలిపి కొత్త ఫైలుగా దింపాను. పెద్ద టీవీ మోసుకెళ్లి టీచర్ హాల్లో పెట్టాను. మొదటి రోజు అనిత కుండ ఎత్తినప్పుడల్లా కుడి చంకకే వెళ్లింది. రెండో రోజు విసిగిపోయి కూర్చుండిపోయింది. అప్పుడు నేను ఆమె పంపిన ఆదివారం వీడియో టీవీలో పెట్టాను.

"ఈమె సరిగ్గనే ఆడుతున్నది గద. చూడు."

చూసింది. ఎడమ చంకన కుండ, కుడివైపు వేణువు, టీచర్ చెప్పినట్టే. "ఔ, మంచిగనే ఆడుతున్నది," అంది, ఎవరో పరాయి మనిషిని మెచ్చుకున్నట్టు. మళ్లీ లేచింది. మూడో రోజు సాయంత్రానికి కుండ దారికొచ్చింది.

ఆదివారం నేను కెమెరా పట్టలేదు. ఆ ఒక్కటీ కళ్లతోనే చూడాలనుకున్నాను. వెనక వరసలో కూర్చున్నాను. కుండ ఎడమ చంకకు చేరినప్పుడు ఎంత పెద్దగా ఊపిరి వదిలానో, ముందు వరస పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. ఒక్కచోట, చివరి తిరుగుడులో, ఆమె అలవాటు కొద్దీ ఎడమకు తిరగబోయి సర్దుకుంది. టీచర్ చేతిలో తాళం మాత్రం తొణకలేదు.

ప్రదర్శన అయ్యాక తెర వెనక్కి వెళ్తే, "అన్నా, ఒక్క తాన తప్పిన," అంది అనిత.

"ఎవలు చూసిన్రు?" అన్నాను.

"నేను చూశాను," అన్నారు టీచర్. "వచ్చే ఆదివారానికి దిద్దుకుని వీడియో పంపు. సెల్ఫీ కెమెరా వద్దు."

హెడ్‌మాస్టారు దసరా దాకా ఆగక్కర్లేదు, వచ్చే నెలే క్లాసు మొదలుపెడదాం అన్నారు. ఆ రాత్రి నేను ఐదు రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఇప్పుడు నేను ఏ ఫైలు ఇచ్చినా దాంతో పాటు ఒక చీటీ రాసి ఇస్తాను. ఎక్కడ కోశాను, రంగు ఏం మార్చాను, సౌండ్ ఏం చేశాను, తిప్పానా లేదా, అన్నీ. కొందరు చదవరు, కొందరు నవ్వుతారు. పెద్దగా చెప్పుకోవాల్సిన సంగతి కాదు, కానీ నా వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదే. మనం చెప్పకుండా చేసిన మేలు వికటిస్తే ఆ తప్పు మన గుమ్మం దాకా రాదు. ఎక్కడో ఒక మనిషి, నాకు బుర్ర లేదు అనుకుని, సంచి సర్దుకుని, రైలు కోసం కూర్చుంటుంది.