సింహాచలమ్మ నిన్నటి భోజనాలు

గురువారం వస్తోందంటే సింహాచలమ్మకి బుధవారం నుంచే చేతినిండా పని. సర్దుకునేది ఇల్లు కాదు, భోజనాలు. మర్నాడు పదకొండింటికి పద్మశ్రీ వస్తుంది. చాప మీద నాలుగు స్టీలు గిన్నెలూ మూడు చెంచాలూ వరసగా పెడుతుంది. తిండి బొమ్మల పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి అడుగుతుంది: "నిన్న పొద్దున్న లేచినప్పటి నుంచి ఏమేం తిన్నారు ఆంటీ?" అడిగాక తడుముకుంటే ఏం బాగుంటుంది? జవాబు తయారుగా ఉండాలి.

పద్మశ్రీ ఆదిత్యపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఆడవాళ్లు తినే తిండిలోంచి ఇనుము ఎంత రక్తంలోకి ఎక్కుతోందో, ఎంత ఎక్కకుండా పోతోందో చూసే పరిశోధన ఒకటి నడుస్తుంటే అందులో ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగం దొరికింది. గోవింద్‌పూర్ కాలనీలో నలభై ఇళ్లు ఆమెవి. వారానికోసారి తిన్నది రాసుకోవాలి, మూడు నెలలకోసారి రక్తం తీసి పంపాలి. పగలూ రాత్రీ ఇనుము కరిగించే ఊళ్లో, ఆడవాళ్ల ఒంట్లో ఇనుము ఉందో లేదో వెతకడానికి చదువుకున్న పిల్లలు సంచులు తగిలించుకుని తిరుగుతున్నారంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

సింహాచలమ్మ ఇంట్లో తిండికి లోటు లేదు. మొగుడు తవిటయ్య ఆదిత్యపూర్‌లో ఓ చిన్న ఫ్యాక్టరీలో వెల్డింగు పని చేస్తాడు. కొడుకు సునీల్ ట్రక్కుల కార్ఖానాలో కాంట్రాక్టు మీద ఉన్నాడు. పొద్దున్న ఏడింటికి ఇద్దరి క్యారేజీలూ కట్టాలి, రాత్రి ఇద్దరికీ వేడిగా వడ్డించాలి. లోటల్లా ఆవిడ కంచానికే. ఆ మాటకొస్తే ఆవిడకి కంచమే లేదు. పలాస దగ్గర పల్లె నుంచి పెళ్లయి హిందీ మాట్లాడే ఈ ఊరొచ్చి ఇరవై ఏడేళ్లయింది. అన్నేళ్లూ పొయ్యి పక్కన నిలబడి, గిన్నెలో మిగిలిందే తింది. మిగలకపోతే టీ. ఎవరూ తినొద్దనలేదు, ఆవిడ బాధపడనూ లేదు. అలవాటైపోయింది, అంతే.

మొదటి గురువారం ఆవిడ అబద్ధం చెప్పాలనుకోలేదు. గుమ్మంలోకి వచ్చినవాళ్లు "తిన్నావా?" అంటే తినకపోయినా "ఇప్పుడేనమ్మా, అయింది" అనడం మనకి ఉగ్గుపాలతో వచ్చిన మర్యాద. తినలేదంటే అడిగినవాళ్లకి ఇబ్బంది, మన ఇంటికి నామోషీ. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని ఊరికే అన్నారా? పైగా తళతళలాడే ఆ గిన్నెల ముందు మాడు చెక్కా చారునీళ్లూ అని చెప్పడానికి ఆవిడకి సిగ్గేసింది. తవిటయ్య, సునీల్ ఏం తిన్నారో అదే తన తిండిగా చెప్పేసింది.

అయితే ఆ పిల్ల అంతటితో వదల్లేదు. తోటకూర కాడలతో వండారా, ఆకులేనా? ఎన్ని చెంచాల నూనె? తిన్నాక టీ తాగారా, ఎంతసేపటికి? ఏ గిన్నెడు తిన్నారు, ఇదా, అదా? సింహాచలమ్మ తెల్లబోయింది. తను తిన్న ముద్ద గురించి ఇంత ఓపిగ్గా అడిగిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఆ రోజు పద్మశ్రీ వెళ్లిపోయాక చాలాసేపు చాప తీయబుద్ధి కాలేదు ఆవిడకి.

మూడో వారానికల్లా ఇంట్లో వండనివి కూడా తినడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం రెండు దాటాక కాలనీ సద్దుమణిగేది. ఆవిడ కొంగు పరుచుకుని చల్లటి గచ్చు మీద పడుకునేది. కళ్లు మూస్తే చాలు, తల దూదిపింజలా తేలిపోయేది. చెవుల్లో ఎక్కడో దూరంగా సముద్రం హోరు. ఆ హోరులో ఆవిడ పొయ్యి రాజేసేది. మునగాకు దూసి, కందిపప్పులో వేసి, ఎండుమిరపకాయ వేయించి తాలింపు పెట్టేది. వేలెడేసి నెత్తళ్ల చేపలు కడిగి, ఉప్పూ పసుపూ పట్టించి, ఇనప పెనం మీద కరకరలాడేలా వేయించేది. రాగిపిండితో అమ్మ కాచి పోసిన చోడి అంబలి, ఉల్లిపాయ ముక్క నంజుకుని, చల్లగా గొంతులోకి దిగేది. వానాకాలంలో సాక్చి బజారులో బుట్టల్లో పోసి అమ్మే రుగ్డా పుట్టగొడుగులు ఉంటాయి. ధర అడిగి, వామ్మో అనుకుని తిరిగొచ్చేయడమే గానీ ఏనాడూ కొనలేదు. అవి కూడా మిరియాలు దంచి వండుకుని, రెండో గిన్నెడు తినేసింది. వడ్డించుకున్నది పెద్ద కంచంలో. కూర్చుని, కాళ్లు ముడుచుకుని, తీరిగ్గా తినేది. ఆ గచ్చు మీద అంత సుఖంగా ఉండేది ఆవిడకి, నిజంగానే. అందుకే తల తేలిపోవడం జబ్బేమోనన్న అనుమానమే రాలేదు.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. సింహాచలమ్మకి ఆ విద్య పుట్టుకతో వచ్చింది. బిర్యానీల జోలికి ఎప్పుడూ పోలేదు. నెలాఖర్లో మాంసం చెప్పలేదు. నెలకో గురువారం "నిన్న పెద్దగా తిన్లేదమ్మీ, ఒంట్లో బాగునేదు" అని కూడా అనేది, నమ్మకం కుదరడానికి. గురువారాలు అలా చెప్పి ముగించాక ఆవిడకి కడుపు నిండినట్టే ఉండేది, ఆ పూటకి ఇంకేం అక్కర్లేకపోయేది.

చెప్పనిది ఒకటుంది. కొంగుచివర ముడిలో ఎప్పుడూ గుప్పెడు బియ్యం ఉండేవి, పచ్చివి. పని చేస్తూ నాలుగేసి గింజలు నోట్లో వేసుకుని నమిలేది. చిన్నప్పుడు "బియ్యం తింటే పెళ్లిలో వాన పడతాదే" అని అమ్మ మొట్టికాయలు వేసింది. వాన పడనే పడింది, పందిరి కూలింది, అయినా అలవాటు పోలేదు. ఈమధ్య మరీ ఎక్కువైంది. బియ్యం లేకపోతే చెయ్యి ఆడదు. దాన్ని తిండి కింద లెక్కేయాలని మాత్రం ఆవిడకి తోచలేదు. వండితే కదా తిండి.

ఆరు నెలలు గడిచాయి. మూడోసారి తీసిన రక్తం ఫలితం వచ్చిన రెండు రోజులకి సాక్చిలోని పరిశోధన ఆఫీసు నుంచి కబురొచ్చింది, భర్తని తీసుకుని రమ్మని.

మేడ మీద చిన్న ఆఫీసు. పరిశోధన నడిపే నందిత అనే డాక్టరమ్మ, ముప్ఫై అయిదేళ్ల మనిషి, కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంది. "కూర్చోండి సింహాచలమ్మగారూ. మీ ఒంట్లో రక్తం మొదట్లో తొమ్మిది ఉండేది. తర్వాత ఎనిమిదికి దిగింది. ఇప్పుడు ఏడు. తిండి చూస్తే మా నలభై ఇళ్లలో మీ అంత బాగా తినేవాళ్లు లేరు. ఆకుకూర, చేపలు, చోళ్లు, నిమ్మకాయ కూడా మానరు. ఇంత తింటున్నా రక్తం తగ్గిపోతోందంటే రెండే దారులు. తిన్నది ఒంటికి పట్టడం లేదు, లేదా లోపల ఎక్కడో రక్తం పోతోంది. పెద్దాసుపత్రిలో కడుపులోకి కెమెరా వేసి చూడాలి. వచ్చే శుక్రవారానికి రాయించాను."

"అంటే... కేన్సరా అమ్మా?" అన్నాడు తవిటయ్య. అతని తల్లి పోయింది దాంతోనే.

"అదేనని అనడం లేదు. చూడకుండా ఊరుకోకూడదు అంటున్నాను."

తవిటయ్య ఇంటికొచ్చాక నూతి దగ్గరికెళ్లి, మొహం కడుక్కునే వంకన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ వారమంతా సరిగ్గా నిద్రపోలేదు. ఫ్యాక్టరీలో శుక్రవారంతో పాటు గురువారం కూడా సెలవు పెట్టాడు. పెళ్లాం గ్లాసు తీస్తే "ఉండు, నాను తీత్తాను" అనేవాడు. ఇరవై ఏడేళ్లలో ఎన్నడూ చూడని ఈ చోద్యం సింహాచలమ్మకి కెమెరా కంటే ఎక్కువ భయం పుట్టించింది.

నిజం చెబితే? ఆవిడ ఆ వారమంతా గచ్చు మీద పడుకుని పొయ్యి రాజేయలేదు, ఇదే ఆలోచించింది. చెబితే పద్మశ్రీ ఉద్యోగానికే మోసం రావచ్చు. ఆరు నెలలు కూర్చుని కలలు రాసుకొచ్చావా అని అడగరూ? ఇంటి పరువు కాలనీలో పడుతుంది. గురువారాలు ఆగిపోతాయి. చెప్పకపోతే కెమెరా మింగాలి. మింగనూ వచ్చు, ఆవిడ అందుకు సిద్ధపడింది కూడా. కానీ నూతి దగ్గర తవిటయ్య వీపు కళ్లముందు నుంచి పోలేదు. లేని జబ్బుకి ఆ మనిషి చిక్కి సగమైపోతున్నాడు, అదీ తన నోటి మూలంగా.

గురువారం పదకొండింటికి పద్మశ్రీ వచ్చింది. తవిటయ్య రేపటి ఆసుపత్రికి కాగితాలు జిరాక్సు తీయించుకు రావడానికి వెళ్లాడు. గిన్నెలు వరసగా పెట్టి, పెన్ను మూత తీసి, "నిన్న పొద్దున్న లేచినప్పటి నుంచి..." అంది పద్మశ్రీ.

"అమ్మీ, ఈపాలి నిజం సెప్తాను, రాసుకో."

"మత్లబ్? అంటే, ఇంతకు ముందువి?"

"అయ్యన్నీ ఒండేను గాని తిన్లేదు."

"వండి ఎవరికి పెట్టారు?"

"ఎవుల్కీ నేదు. మనసులో ఒండేను." సింహాచలమ్మ చాప అంచు పీకుతూ అంది. "నువ్వలాగ అడుగుతుంటే బాగుండేదమ్మీ. నానేటి తిన్నానో ఒకులు రాసుకుంటన్నారంటే..."

పద్మశ్రీ మొహం పాలిపోయింది. "ఇరవయ్యారు పేజీలు ఆంటీ! నా నౌకరీ పోతుంది!" అంది. నందితకి ఫోను చేసి జరిగింది చెప్పింది. ఫోన్లోంచి నందిత గొంతు గదిలోకి వినిపించింది: "ఆ పేజీలు చింపకు. ప్రతిదాని మీదా 'తినలేదు' అని రాసి ఉంచు. నలభై ఇళ్లలో ఇంకెంతమంది ఇలాగే చెప్పారో నేను చూసుకోవాలి. తప్పు నీది కాదు. ఇవాళ్టిది మొదటినుంచి అడుగు. నిదానంగా అడుగు."

పద్మశ్రీ కళ్లు తుడుచుకుంది. కొత్త కాగితం తీసింది.

"నిన్న లేచాక ఏం తీసుకున్నారు?"

"టీ."

"తర్వాత?"

"ఆళ్లెల్లిపోయాక ఇంకో టీ. మరి బియ్యం."

"అన్నమా?"

"బియ్యం. పచ్చివి, గుప్పెడు." కొంగు ముడి విప్పి చూపించింది. పద్మశ్రీ పెన్ను ఆగిపోయింది. రక్తం బాగా తక్కువైన ఆడవాళ్లకి మట్టి మీదకీ సుద్ద మీదకీ పచ్చి బియ్యం మీదకీ మనసు పోతుందని ట్రైనింగులో చెప్పారు. రాసుకుని, కింద గీత గీసింది.

"మధ్యాహ్నం?"

"మాడు, సారు నీళ్లు పోసి." పద్మశ్రీ పెద్ద గిన్నె జరిపింది. సింహాచలమ్మ తల అడ్డంగా ఊపింది. అన్నిటికంటే చిన్నది ముందుకు తోసింది. అందులో సగానికి వేలు పెట్టి చూపించింది.

"కూర?"

"అయిపోనాది."

"అదేటి? నిన్న సేప ఒండేవు గదా!" గుమ్మంలో తవిటయ్య, చేతిలో జిరాక్సు కాగితాలతో. "ఆరు ముక్కలుండాలి. నాను రెండు తిన్నాను."

"మన గుంటడు సునీల్ మూడు తిన్నాడు. ఒక్కటి పొద్దున్న ఆడి కేరేజీలో పెట్టేను."

"తలకాయో?"

"రాత్రి నీ కంచంలోనే ఏసేను. బాగుందన్నావు."

తవిటయ్య పద్మశ్రీ వంకా, గిన్నెల వంకా, పెళ్లాం వంకా చూశాడు. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

"ఇరవయ్యేడేళ్లు! రోజూ ఇంటికొచ్చి అడిగేను గదే నిన్ను, తిన్నావా అని!"

"అడిగేవు. కాదన్నేదు," అంది సింహాచలమ్మ. "ఏటి తిన్నావని అడగనేదు."

తవిటయ్య జిరాక్సు కాగితాలు కిటికీలో పెట్టి, చాప చివర కూలబడ్డాడు. అన్నిటికంటే చిన్న గిన్నె చేతిలోకి తీసుకుని చూశాడు.

"అమ్మీ," అన్నాడు చివరికి, "ఇది సెప్పింది మొదట్నించి ఓపాలి సదువు. నాను ఇంటాను."

పద్మశ్రీ కాగితం దగ్గరగా పెట్టుకుని ఒక్కో మాటా నిదానంగా చదివింది. ఎంత నిదానంగా చదివినా అర నిమిషంలో అయిపోయింది.