మైకులో మా ఆయన పేరు

ఆ రోజుల్లో కొత్తది వస్తోందంటే మాకు సంబరం కాదు, నీరసం. కొత్త బస్సు వస్తే పాత బస్సు టైము పోయేది, కొత్త సారు వస్తే పాత పని మళ్లీ మొదటికొచ్చేది. అందుకే సిరోంచలో నేను ఊడ్చి, చాయ్ కాచే వడ్ల మిల్లులో సేటు కంప్యూటర్ మార్చి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిస్తున్నాడని తెలియగానే, చీపురు మూలకు పెట్టి కాసేపు కూర్చున్నాను. (నేను చెబుతుంటే రాసే మనవరాలు నవ్వుతోంది. నవ్వనీ. దాని ఫోను మార్చినప్పుడు ఏడుపు నేను చూశాను.)

పాత సాఫ్ట్‌వేర్ మా గుమాస్తా చేతిలో పెరిగింది. ఆయన్ను కళ్లద్దాలన్న అనేవాళ్లం. మా వైపు ఇంటికో రాజయ్య. రేగుంటలో రాజయ్యే, నది ఒడ్డునా రాజయ్యే, తండ్రులంతా మల్లయ్యలే. అందుకని ఆయన కంప్యూటర్లో తండ్రి పేరు కొట్టాల్సిన చోట ఊరు పెట్టిన పేరు కొట్టేవాడు: మేకల రాజయ్య, చెవిటి రాజయ్య. తూకం వంతు రాగానే మైకులో అదే పిలిచేవాడు. మా వంతు మాత్రం, నేను అక్కడే ఉంటాను గనక, మైకు లేకుండా నాకే చెప్పేవాడు. ఆ పేర్లు కంప్యూటర్లో ఎక్కడ దాచాడో సేటుకు తెలియదు. చెబితే తన కుర్చీ విలువ తగ్గుతుందని ఆయన చెప్పలేదు, అడిగితే సేటుతనం తగ్గుతుందని ఈయన అడగలేదు.

కొత్తది పెట్టడానికి నాగపూర్ నుంచి ఒక సారు వచ్చాడు. తండ్రి పేరు చోట మేకలు, చెవుడు కనబడితే చెత్త అనుకుని ఊడ్చేశాడు. (ఊడ్చే పని నాదని ఆయనకు తెలియదు పాపం.) "వహినీ, సబ్ ఆ గయా," అని నన్ను వదినను చేసి, నా చేతి చాయ్ తాగి బండెక్కాడు. అన్నీ వచ్చేశాయట!

తెల్లారి తూకం. కళ్లద్దాలన్న కొత్తదాంట్లో చూసి మైకులో "రాజయ్యా!" అని పిలిచేసరికి రాజయ్యలందరి బండ్లూ ట్రాక్టర్లూ గేటులో ఇరుక్కున్నాయి.

"నేనే రాజయ్యను!"

"నువ్వు రాజయ్యవైతే నేనెవర్నిరా, నీ అల్లున్నా?"

ప్రాణహిత మీద మబ్బు నల్లగా దిగుతోంది. మా వడ్లు కూడా ఆ వాకిట్లోనే, ఆరుబయట. తడిస్తే సేటు కొనడు. ఏడాది చాకిరీ అక్కడే మొలకెత్తుతుంది.

"పేర్లన్నీ వచ్చినయన్నరు గదా!" సేటు నెత్తి పట్టుకున్నాడు.

"పేర్లొచ్చినయ్ సేటు, మనుషులు రాలే," అన్నాడు కళ్లద్దాలన్న, గోడకు ఆనుకుని, లోలోపల పండగ చేసుకుంటూ.

"అన్నా, అలుగుడు రేపు అలుగు," అన్నాను. "జర ఆ మూలకున్న పాత కంప్యూటర్ డబ్బా తెరువు. వడ్లు తడుస్తయ్."

మూతి ముడుచుకునే తెరిచాడు. మేకల రాజయ్య వెళ్లాడు. చెవిటి రాజయ్యకు వినబడక, పక్కవాడు పొడిస్తే వెళ్లాడు. తర్వాత మైకు ఖంగుమంది: "పెండ్లానికి భయపడే రాజయ్య!"

వాకిలంతా మెడలు తిప్పి చూసింది. ఎవరూ లేవలేదు. మా ఆయన మాత్రం ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు.

"లేవయ్యా, నిన్నే!"

"నేను గాదే. వాడెవడో వేరే."

ముక్కు మీద చినుకు పడింది. "లేస్తవా లేవవా?" అని గొంతు చించుకున్నాను. చటుక్కున లేచి నిలబడ్డాడు.

"గీనే," అన్నాడు సేటు. "ఇగ వేరే సాక్ష్యమెందుకు!"

వానకు ముందే మా వడ్లు తూకమెక్కాయి. ఇంటికెళ్లే దారంతా ఆయన నాకు పది అడుగుల ముందే నడిచాడు. మిల్లులో మాత్రం పాతది తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కళ్లద్దాలన్న ఒకే ముక్క కొత్తదానిలో ఒకసారి, పాతదానిలో ఒకసారి కొడుతూ నడుము విరగ్గొట్టుకున్నాడు.

ఇప్పుడు మళ్లీ ఇంకో కొత్తది. పేర్లు లేవు, మైకు లేదు, ఫోనుకు నంబరు వస్తుంది. మా ఆయన పోయాక ఆ నంబరు నాకే వస్తోంది. వడ్ల పక్కన నిలబడి మబ్బు చూస్తుంటే, చెవి ఊరికే ఆ మైకు వైపు పోతుంది. అరిచే నా గొంతు అట్లాగే ఉంది. భయపడే మనిషే లేడు. మనవరాలు చూడండి, ఇదీ నవ్వుకుంటూనే రాస్తోంది.