బర్రె కొట్టంలో కారు

మొన్న ఆత్మకూరులో మెకానిక్కు షెడ్డు ముందు మమ్మల్ని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, మా కారు నాలుగు టైర్లూ పగుళ్లిచ్చాయని ఆ మెకానిక్కు చల్లగా చెప్పాడు. నెలకు రెండుసార్లు కూడా బయటికి తీయని బండికి టైర్లెట్లా పోతాయయ్యా అని నేను విస్తుపోతే, "తిప్పకపోయినా పోతాయి మా, ఎండలో పెట్టినారు గదా" అన్నాడు. ఇన్సూరెన్సు గడువు దగ్గర పడిందని ఫోను రోజూ గుర్తు చేస్తోంది, బ్యాటరీ పోయిన ఏడాదే మార్పించాం, ఇప్పుడు ఇదొకటి. మా ఆయన నా వంక చూశారు, నేను ఆయన వంక చూశాను, ఇద్దరం కలిసి తలూపాం. మరేం చేస్తాం చెప్పండి! అమ్మేసుకోవచ్చు గదా అంటారేమో, అమ్మితే నలుగురూ ఏమనుకుంటారోనని అదొక బెంగ.

అక్కడ కూర్చున్నంతసేపూ మా నాయనే కళ్లముందు మెదిలాడు. ఉదయగిరికీ దుత్తలూరుకీ మధ్య మా పల్లె, అన్నీ మెట్ట పొలాలు, వాన పడితే పంట, లేకపోతే లేదు. అలాంటి చోట ఊరి పెద్దమనిషి అనిపించుకున్న పాపానికి, నెల్లూరులో ఎవరో వదిలించుకున్న పాత నల్ల కారును నాయన కొని తెచ్చాడు. తెచ్చినవాడు దాన్ని బర్రె కొట్టంలో పెట్టి, బర్రెను గోడ పక్కన ఎండలో కట్టేశాడు. ఆ బర్రె అమ్మ తన పుట్టింటి నుంచి తోలుకొచ్చుకున్నది. దాని పాల డబ్బులతోనే ఇంట్లో ఉప్పూ పప్పూ, మా పలకా బలపం గడిచేవి, పైగా ఎవరూ లెక్క అడగని అమ్మ సొంత సొమ్ము ఆ ఇంట్లో అదొక్కటే. అమ్మకు ఆ కారంటే ఎంత మంటో నేను వేరే చెప్పాలా!

ఆ రాళ్లదారిలో కారుకు నెలకో రోగం. స్ప్రింగులు విరిగేవి, రేడియేటరు కారేది, ట్యూబుకు వేసిన అతుకు మీదే మళ్లీ అతుకు, పెట్రోలేమో ఉదయగిరి నుంచి డబ్బాల్లో మోసుకు రావాలి. ఇంత భరించి అందులో మేం ఎక్కిందెన్నడు? పాము కరిచిందని ఒకరు, కాన్పు కష్టమైందని ఒకరు, పెళ్లికొడుకును తేవాలని ఇంకొకరు. వాకిట్లో మనిషి వచ్చి నిలబడితే చాలు, నాయన తాళంచెవి కోసం జేబు తడుముకునేవాడు. పెట్రోలుకైనా పుచ్చుకోరా అని వాళ్లమ్మ, మా అవ్వ, పోరితే, "కారు బాడుగకు తిప్పతండాడంటారు, నేను తలెత్తుకోని తిరగాల్నా వద్దా?" అని కసిరేవాడు. నోరు తెరిచి అడగలేడు, లేదు పొమ్మనలేడు. వేరుశనక్కాయల డబ్బు ఇంటికి రాకముందే కారు తినేసేది.

ఆఖరికి ఒక వేసవిలో ఇంజను పొగలు కక్కి మొరాయించింది. లారీకి కట్టి ఆత్మకూరుకు లాక్కుపోతే అక్కడివాళ్లు పెద్ద పనే చెప్పారు. నాయన చేతిలో చిల్లిగవ్వ లేదు. కారును అక్కడే వదిలి బస్సులో వచ్చి మంచం మీద కూలబడ్డాడు. బర్రెను అమ్ముదామన్న మాట ఆయన నోటిదాకా వచ్చేది, అమ్మ మొహం చూసి మింగేసేవాడు. అమ్మ మాత్రం ఆ సాయంత్రమే కొట్టం ఊడ్చి, బర్రెను లోపలికి తోలి కట్టేసింది. ఆ తర్వాత కొన్నాళ్లు అమ్మ తిరిగినంత తేలిగ్గా మరెన్నడూ తిరగగా నేను చూసి ఎరుగను.

చెరువు కింద గుడిసెల్లో చేపలు పట్టుకుని బతికే ఒకామె మా పొలాల్లో కూలికి వచ్చేది. ఒక మధ్యాహ్నం ఆమె, కూతురికి తెల్లారినప్పటి నుంచి నొప్పులని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. కారు లేదని తెలియక కాదు, ఇంకెక్కడికి పోవాలో తెలియక వచ్చింది. కొట్టంలో బర్రెను చూసి నేల మీద కూర్చుండిపోయింది. నలుగురు ఆ పిల్లను మంచం మీద మోసుకుని బస్సుదారికి పోయారు, నాయన అందరికన్నా ముందు పరుగెత్తాడు. బస్సు రాలేదు. ఎడ్లబండి కట్టించి ఆసుపత్రికి చేర్చేసరికి పొద్దు వాలిపోయింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

మర్నాడు అమ్మ బర్రె పాలు పిండి, దాని మెడ కింద చాలాసేపు నిమిరి, పలుపు విప్పి తెచ్చి నాయన చేతికిచ్చింది. "సంతకు తోలుకపోండి. ఆ కారు తెచ్చి ఈడ పెట్టండి" అంది. నాయన ఏదో అనబోతే, "ఇంగేం మాట్లాడబాకండి" అంది. బర్రె వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి అరుస్తూనే పోయింది. అమ్మ పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది, పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. కారు వచ్చింది, దాని వెనకే దాని ఖర్చులూ వచ్చాయి. పాలు మాత్రం పక్కింట్లో కొనుక్కునేవాళ్లం.

ఇప్పుడు ఫోను చేస్తే నూట ఎనిమిది బండి ఆ గుడిసెల ముందుకే వస్తుంది. ఎంత మేలు! ఆ రోజులే బాగుండేవని నేననలేను, ఆ పసిబిడ్డను తలుచుకుంటే అసలే అనలేను. కారు ఖర్చు అప్పుడూ మన చేతిలో లేదు, ఇప్పుడూ లేదు. కాకపోతే నాయన పోసిన పెట్రోలుతో ఊళ్లో ఎంతమంది పిల్లలు పుట్టి, పెరిగి, తిరిగారో! మా వీధిలో ఈనాడు ఇంటింటికీ కారుంది, ఒకరి వాకిట్లో ఒకరు నిలబడే పనే లేదు. మాది కొని ఏళ్లు గడిచినా, కొన్ననాడు వెనక సీటుకు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ చిరగలేదు.